దోషాన్వేషణం

'దోషాన్వేషణం' అనే మాటకు లోకవ్యవహారంలో మంచి పేరు లేదు. ఎదుటివారిలో తప్పులు వెదకడమే పనిగా పెట్టుకొన్నవారిని ఎవరూ మెచ్చుకోరు. శాస్త్రవ్యవహారంలో మాత్రం ఈ మాట నిందార్థకం కాదు. మన ఆలంకారికులు కావ్యగుణాలను ఎంత శ్రద్ధగా వివరించారో కావ్యదోషాలను కూడా అంత శ్రద్ధగానే వింగడించి చూపారు. వైద్యుడు రోగి నాడిని పట్టి చూసేది అతనిని తప్పుపట్టడానికి కాదు. దోషం ఎక్కడ ఉన్నదో తెలియనిదే దానిని తొలగించడం సాధ్యం కాదు. యంత్రాల విషయంలోనూ ఈ సూత్రమే వర్తిస్తుంది. చెడిపోయిన యంత్రం ముందు నిలిచినవానికి కావలసింది కోపం కాదు, కండబలం కాదు, క్రమబద్ధమైన ఆలోచన. లారీలో ఉండే ఎగ్జాస్ట్ బ్రేక్ అనే చిన్న పరికరం బిగుసుకొనిపోయినప్పుడు దోషాన్ని ఎలా కనుగొంటారో తెలుసుకొంటే ఈ సంగతి స్పష్టమవుతుంది.

మామిడి సీమలో లారీ

నూజివీడు పేరు చెప్పగానే మామిడితోటలు స్ఫురిస్తాయి. 2022 వరకు కృష్ణా జిల్లాలో ఉండి, ఆ సంవత్సరం ఏలూరు జిల్లాలో చేరిన ఈ పట్టణం చుట్టూ ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, రెడ్డిగూడెం ప్రాంతాలన్నీ మామిడికి పెట్టినది పేరు. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి, తోతాపురి కాయలు వేసవి రాగానే కోతకు వస్తాయి. తోటలలో కోసిన కాయ విజయవాడ దగ్గరి నున్న మార్కెట్టుకు గాని, నేరుగా దూరప్రాంతాలకు గాని లారీలలో తరలిపోతుంది. ఢిల్లీకి వెళ్లే లారీ 1,700 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయాలి. ముంబయికి వెళ్లేది హైదరాబాదు, షోలాపూర్, పుణె మీదుగా సాగి, ఖండాలా ఘాటు దిగాలి. రాయపూర్‌కు వెళ్లేది తిరువూరు, భద్రాచలం, జగదల్‌పూర్ మీదుగా సాగి, బస్తర్ పీఠభూమి అంచున కేశ్‌కాల్ ఘాటు దిగాలి.

మామిడికాయ చెట్టు నుంచి తెగినంత మాత్రాన దాని జీవక్రియ ఆగిపోదు. కాయ తనలో పుట్టే ఇథిలీన్ అనే వాయువు వలన క్రమంగా పండుతుంది. ఎండవేడిమికి ఈ పరిణామం వేగవంతమవుతుంది. అందుచేత దారిలో ఒక రోజు ఆగిన లారీ ఒక రోజు బాడుగను మాత్రమే నష్టపోదు. అడుగువరుసల కాయ మెత్తబడుతుంది, ధర పడిపోతుంది, రైతు ఏడాది శ్రమకు దక్కే ప్రతిఫలం తగ్గిపోతుంది. కాబట్టి బండి ఆగినప్పుడు 'ఎలాగో ఒకలాగ కదిలిస్తే చాలు' అనే తొందర అందరిలోనూ కలుగుతుంది. ఆ తొందర సహజమే గాని, ప్రమాదకరం కూడా. ఎందుకు ప్రమాదకరమో తెలియాలంటే ముందుగా ఎగ్జాస్ట్ బ్రేక్ చేసే పని ఏమిటో తెలియాలి.

ఎగ్జాస్ట్ బ్రేక్ స్వరూపం

జర్మన్ ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1897లో విజయవంతంగా నడిపి చూపిన ఇంజనే నేటి లారీ ఇంజనుకు మూలం. పెట్రోలు ఇంజనుకు, డీజిల్ ఇంజనుకు ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. పెట్రోలు వాహనంలో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసినప్పుడు ఇంజను లోపలికి గాలి పోయే దారి మూసుకొంటుంది. పిస్టన్లు ఆ శూన్యానికి ఎదురు లాగవలసి రావడం వలన బండి వేగం దానంతట అదే తగ్గుతుంది. డీజిల్ ఇంజనులో సాధారణంగా గాలికి అటువంటి అడ్డు ఉండదు. కాలు తీస్తే ఇంధనం మాత్రమే తగ్గుతుంది. లోపలికి వచ్చిన గాలిని పిస్టన్ నొక్కుతుంది. నొక్కుడుపడిన గాలి స్ప్రింగు వలె వ్యాకోచించి, తీసుకొన్న శక్తిలో అధికభాగాన్ని తిరిగి పిస్టన్‌కే ఇచ్చివేస్తుంది. అందువలన డీజిల్ లారీకి ఇంజను వలన కలిగే సహజ నిరోధం స్వల్పం.

ఈ లోటును తీర్చడానికి ఏర్పడినదే ఎగ్జాస్ట్ బ్రేక్. ఇంజను నుంచి పొగ బయటికి పోయే గొట్టంలో ఒక గుండ్రని ఇనుప పలకను అడ్డంగా ఒక ఇరుసు మీద అమరుస్తారు. దీనినే బటర్‌ఫ్లై వాల్వు అంటారు. మామూలు సమయంలో ఆ పలక గొట్టం పొడవుకు సమాంతరంగా ఉండి పొగకు దారి ఇస్తుంది. డ్రైవరు మీట నొక్కగానే అది అడ్డంగా తిరిగి దారిని దాదాపు మూసివేస్తుంది. లోపలి వాయువు బయటికి పోలేక ఒత్తిడి పెరుగుతుంది. పైకి వచ్చే ప్రతి పిస్టనూ ఆ ఒత్తిడికి ఎదురు తోయవలసి వస్తుంది. శక్తిని పుట్టించవలసిన ఇంజను ఇప్పుడు శక్తిని తినివేసే యంత్రంగా మారుతుంది. ఆ నిరోధం గేర్ల ద్వారా వెనుక చక్రాలకు చేరి బండిని నెమ్మదింపజేస్తుంది.

పలకను తిప్పే పనిని చాలా లారీలలో గాలి చేస్తుంది. బండి బ్రేకుల కోసం ట్యాంకులలో నిలువ ఉండే గాలి ఒక విద్యుత్ వాల్వు గుండా చిన్న సిలిండరులోకి వస్తుంది. ఆ సిలిండరులోని కడ్డీ ముందుకు కదిలి, పలక ఇరుసుకు తగిలించిన మీటను తిప్పుతుంది. మీట విడిచిపెట్టగానే గాలి బయటికి పోతుంది, స్ప్రింగు పలకను వెనుకకు లాగుతుంది. పాతరకం ఇంధన పంపు ఉన్న బండ్లలో ఇదే గాలితో పనిచేసే మరొక చిన్న సిలిండరు అదే క్షణంలో డీజిల్ సరఫరాను ఆపుతుంది. డ్రైవరు క్లచ్చి గాని యాక్సిలరేటర్ గాని తొక్కితే బ్రేకు వదిలే విధంగా కొన్ని బండ్లలో స్విచ్చులను కూడా అమరుస్తారు. అంటే మీట, తీగలు, విద్యుత్ వాల్వు, గాలి గొట్టం, సిలిండరు, ఇరుసు, పలక అనేవి ఒక గొలుసులోని కొక్కేల వంటివి. వీటిలో ఏ ఒక్కటి మొండికేసినా గొలుసు మొత్తం నిలిచిపోతుంది.

ఘాటులో దీని అవసరం

ఎగ్జాస్ట్ బ్రేక్ బండిని పూర్తిగా ఆపలేదు, నెమ్మదింపజేయగలదు. ఆ మాత్రానికే దీనికింత ప్రాధాన్యం ఎందుకు అనే సందేహం కలగవచ్చు. ఒక చిన్న లెక్క ఆ సందేహాన్ని తీరుస్తుంది. సరుకుతో కలిపి 16 టన్నుల బరువున్న లారీ 500 మీటర్ల ఎత్తు దిగుతున్నదని అనుకొందాం. ఖండాలా ఘాటు దిగుడు సుమారు అంతే ఉంటుంది. బరువును, గురుత్వ త్వరణాన్ని, ఎత్తును గుణిస్తే వచ్చే శక్తి 7 కోట్ల 84 లక్షల జౌళ్లు. 30 డిగ్రీల వేడిగల 260 లీటర్ల నీటిని మరిగే స్థితికి తేవడానికి ఈ శక్తి చాలు. దీనిలో కొంత గాలి నిరోధానికి, టైర్ల ఒరిపిడికి పోతుంది. మిగిలినదంతా ఎక్కడో ఒకచోట వేడిగా మారక తప్పదు.

ఎగ్జాస్ట్ బ్రేక్ పనిచేస్తే ఆ వేడిలో పెద్దభాగం ఇంజను ద్వారా, పొగగొట్టం ద్వారా వాతావరణంలో కలిసిపోతుంది. అది పనిచేయకపోతే భారమంతా చక్రాల బ్రేకు డ్రమ్ముల మీద పడుతుంది. డ్రమ్ము కాలినకొద్దీ వ్యాకోచించి లైనర్లకు దూరమవుతుంది. లైనర్ల పట్టు కూడా తగ్గుతుంది. డ్రైవరు ఎంత గట్టిగా తొక్కినా బండి ఆగదు. బ్రేకు చెడిపోలేదు, విరిగిపోలేదు, వేడికి ఓడిపోయింది. ఘాటురోడ్లపై భారీ వాహనాలు అదుపు తప్పడానికి గల ముఖ్య కారణాలలో ఇది ఒకటి.

ఈ సత్యం డీజిల్ లారీల తొలినాళ్లలోనే అనుభవానికి వచ్చింది. అమెరికాలో డీజిల్ ఇంజన్ల తయారీకి ఆద్యులలో ఒకడైన క్లెస్సీ కమిన్స్ 1931లో తన ఇంజను అమర్చిన లారీపై న్యూయార్క్ నుంచి లాస్ ఏంజిలిస్‌కు బయలుదేరాడు. కాలిఫోర్నియాలోని కాజోన్ కనుమ దిగుతుండగా బ్రేకులు పట్టు తప్పాయి. దిగువన పట్టాలు దాటుతున్న గూడ్సు రైలును ఢీకొనకుండా లారీ వెంట్రుకవాసిలో బయటపడింది. ఆ భయానుభవాన్ని ఆయన మరచిపోలేదు. ఇంజనునే బ్రేకుగా ఎలా మార్చవచ్చునో తరువాత చాలా కాలానికి పరిశోధించి సాధించాడు. ఆ పరికరం 1961లో విపణిలోకి వచ్చింది. దాని నిర్మాణం మనం చెప్పుకొంటున్న ఎగ్జాస్ట్ బ్రేక్ కంటె భిన్నమైనది. అయినా రెండింటి మూలసూత్రం ఒక్కటే: దిగేటప్పుడు భారాన్ని చక్రాల మీద మాత్రమే వేయరాదు.

బిగుసుకొనడానికి కారణాలు

పొగగొట్టంలో నిరంతరం మసి ప్రవహిస్తూ ఉంటుంది. ఆ మసి ఇరుసుకు, దాని చుట్టూ ఉండే సందుకు నడుమ చేరి, వేడికి గట్టిపడి, లుకం పెట్టినట్లు బిగిస్తుంది. బండి నిలిచి చల్లారినప్పుడు గొట్టంలో చేరే చెమ్మ వలన తుప్పు పడుతుంది. ఒక మామిడి కాలం ముగిసి, మరొక పని దొరికే వరకు నెలల తరబడి నిలిచిపోయే బండ్లలో ఈ రెండు దోషాలూ కలిసి వస్తాయి. మైదానప్రాంతంలో మాత్రమే తిరిగే డ్రైవరు అవసరం లేదని ఎగ్జాస్ట్ బ్రేకును వాడకపోతే, వాడకపోవడమే దానికి వ్యాధి అవుతుంది.

గాలి వ్యవస్థలో దోషాలు వేరు. ట్యాంకులో చేరిన నీటిని ఎప్పటికప్పుడు వదలకపోతే అది సిలిండరులోకి చేరి తుప్పు పట్టిస్తుంది, లోపలి రబ్బరును పాడుచేస్తుంది. విద్యుత్ వాల్వులో గాలి బయటికి పోయే చిన్న రంధ్రాన్ని బురద గాని, కుమ్మరిపురుగు కట్టిన గూడు గాని మూసివేస్తే, మీట విడిచినా గాలి లోపలే చిక్కుకొని పలకను మూసిపెట్టి ఉంచుతుంది. స్విచ్చు అతుక్కొనిపోవడం, తీగ ఒరుసుకొనిపోవడం, వెనుకకు లాగే స్ప్రింగు విరగడం, మీట ప్రయాణాన్ని పరిమితం చేసే మరను తప్పుగా బిగించడం వలన పలక గొట్టం గోడకు చీలవలె పట్టుకొనడం, ఇవి కూడా కారణాలే.

లక్షణాలు, అనుమానం

అన్నంభట్టు రచించిన 'తర్కసంగ్రహం' చదివినవారికి పర్వతం మీది పొగ గుర్తుండే ఉంటుంది. కొండపై పొగను చూసి అక్కడ నిప్పున్నదని నిశ్చయించడం అనుమాన ప్రమాణానికి ప్రసిద్ధమైన ఉదాహరణ. అయితే తార్కికులు ఇంకొక హెచ్చరిక కూడా చేశారు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది గాని, నిప్పు ఉన్న ప్రతిచోటా పొగ ఉండదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. ఈ వివేకం లారీ దగ్గర ఎంతగానో ఉపయోగపడుతుంది.

పలక మూసుకొని బిగుసుకొన్న లారీ ఎత్తు ఎక్కలేదు, వేగం అందుకోదు, ఇంజను త్వరగా వేడెక్కుతుంది. ఇంధనం సాగుతూ పొగ బయటికి పోలేకపోతే నల్లని పొగ వస్తుంది. కాని నల్లపొగ చూసి ఎగ్జాస్ట్ బ్రేకే దోషి అని తీర్పు చెప్పరాదు. ఇంధనానికి తగినంత గాలి అందలేదని మాత్రమే ఆ పొగ చెబుతుంది. గాలి ఫిల్టరు మూసుకొనిపోయినా, టర్బో గొట్టం ఊడినా అదే పొగ వస్తుంది. ఇందుకు విపర్యయంగా, డీజిల్‌ను ఆపే చిన్న సిలిండరు బిగుసుకొనిపోతే ఇంజను అసలు అంటుకోదు, పొగ ఉండదు. పొగ లేనంత మాత్రాన దోషం లేదనుకొనడం పొరపాటు.

అన్నిటికంటె ప్రమాదకరమైనది మూడవ స్థితి. పలక తెరుచుకొన్న స్థితిలో బిగుసుకొనిపోతే మైదానంలో ఏ లక్షణమూ కనిపించదు. బండి చక్కగా నడుస్తుంది, ఎత్తులు ఎక్కుతుంది, డీజిల్ సక్రమంగానే తాగుతుంది. ఘాటు దిగడం మొదలుపెట్టి మీట నొక్కినప్పుడు మాత్రమే అది పలకడం లేదని తెలుస్తుంది. మూసుకొన్న పలక సరుకును చెడగొడితే, తెరుచుకొని బిగిసిన పలక ప్రాణానికి ముప్పు తెస్తుంది. మొదటిది అరిచి చెప్పే దోషం. రెండవది మౌనంగా పొంచి ఉండే దోషం.

పరీక్షా క్రమం

చేయి వేసే ముందు జాగ్రత్త అవసరం. బండిని సమతలంపై నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు ముందు వెనుకల చెక్కదిమ్మలు పెట్టాలి. నడిచి వచ్చిన బండి పొగగొట్టం కొన్ని వందల డిగ్రీల వేడిలో ఉంటుంది కనుక అది చల్లారే వరకు తాకరాదు. గాలితో కదిలే మీట ఒక్కసారిగా విసురుతుంది కాబట్టి దాని మార్గంలో వేలు ఉంచరాదు. ఈ నియమాలను విసుగుగా భావించేవారు గాయంతో నేర్చుకొంటారు.

మొదటి ప్రశ్న: నిరోధం ఇంజనులో ఉన్నదా, చక్రాలలో ఉన్నదా? గేరును న్యూట్రల్‌లో ఉంచి యాక్సిలరేటర్ తొక్కి చూడాలి. ఇంజను ధ్వని స్వేచ్ఛగా పెరిగితే చక్రాల బ్రేకులు పట్టి ఉన్నాయేమో చూడాలి. డ్రమ్ముల నుంచి వచ్చే సెగ, కాలిన వాసన ఆ సంగతిని చెబుతాయి. న్యూట్రల్‌లో కూడా ఇంజను మూలుగుతూ పైకి లేవకపోతే దోషం ఇంజను వైపున ఉన్నది. ఈ ఒక్క ప్రశ్నతో అనుమానించవలసిన భాగాలలో సగం తొలగిపోతాయి.

రెండవ ప్రశ్న: మీట కదులుతున్నదా? ఇంజను ఆపి, ట్యాంకులో గాలి ఉండగా తాళంచెవి తిప్పి, ఒకరు స్విచ్చు నొక్కుతూ విడుస్తూ ఉంటే మరొకరు దూరం నుంచి మీటను గమనించాలి. అది పూర్తిగా వెళ్లి పూర్తిగా వెనుకకు వస్తే దోషం వేరొకచోట ఉన్నట్లు. అసలు కదలకపోతే, లేక వెళ్లి రాకపోతే తరువాతి ప్రశ్నకు వెళ్లాలి. అసలు కదలనిచోట సిలిండరు వరకు గాలి వస్తున్నదా అనేది ముందు తేల్చుకోవాలి. సబ్బునీరు పూసి చూస్తే గొట్టాలలోని గాలి లీకులు బుడగల రూపంలో బయటపడతాయి.

మూడవ ప్రశ్న: దోషం గాలి పంపేవైపున ఉన్నదా, గాలి అందుకొనేవైపున ఉన్నదా? స్విచ్చును విడిచిపెట్టి, సిలిండరుకు వచ్చే గాలి గొట్టాన్ని పానాతో నెమ్మదిగా వదులు చేయాలి. మీట వెంటనే వెనుకకు వచ్చిందంటే సిలిండరు, ఇరుసు, పలక నిర్దోషులు. ఆ తరువాత గాలి ధ్వనిని వినాలి. ఒక్కసారి బుస్సుమని ఆగిపోతే గాలి లోపల చిక్కుకొని ఉన్నట్లు, అంటే వాల్వులోని బయటి రంధ్రం మూసుకొన్నట్లు. గాలి ఆగకుండా వస్తూనే ఉంటే వాల్వు ఇంకా పంపుతున్నట్లు. అప్పుడు వాల్వుకు వచ్చే విద్యుత్ తీగ విప్పి చూడాలి. గాలి ఆగితే దోషం స్విచ్చులలోనో తీగలలోనో ఉన్నది. ఆగకపోతే వాల్వులోనే ఉన్నది.

నాలుగవ ప్రశ్న: గొట్టం విప్పినా మీట కదలలేదు, మరి దోషం సిలిండరుదా, పలకదా? సిలిండరు కడ్డీని మీటకు కలిపే పిన్నును తీసివేసి, మీటను ఏదైనా పనిముట్టుతో మెల్లగా కదిపి చూడాలి. మీట తేలికగా తిరిగితే సిలిండరు బిగిసింది. తిరగకపోతే ఇరుసు మసితోనో తుప్పుతోనో పట్టుకొన్నది.

ఈ నాలుగు ప్రశ్నలలో ఒక సామాన్య ధర్మం ఉన్నది. ప్రతి ప్రశ్నా గొలుసును ఒకచోట విడదీసి, దోషం ఏ ముక్కలో మిగిలిందో చూస్తున్నది. కారణం ఉంటే కార్యం ఉండడం అన్వయం, కారణం లేకపోతే కార్యం లేకపోవడం వ్యతిరేకం. గాలిని తీసివేస్తే పట్టు వదలడం వ్యతిరేకం. గాలిని మరల కలిపితే పట్టు మరల రావడం అన్వయం. రెండూ సరిపోయినప్పుడే కారణం రుజువైనట్లు. విప్పిన ప్రతి భాగాన్నీ మార్చివేసి, చివరికి ఏది మార్చడం వలన బాగైందో తెలియక నిలిచేవాని ఖర్చు అధికం, జ్ఞానం స్వల్పం.

చికిత్స

ఇరుసు బిగిసినప్పుడు సుత్తి చేతికి రావడం సహజం. కాని పోతఇనుముతో చేసిన భాగం దెబ్బకు పగులుతుంది, ఇరుసు వంగుతుంది. వంగిన ఇరుసు ఆనాడు కదిలినా మరునాడు మరల పట్టుకొంటుంది. చల్లారిన ఇరుసు రెండు కొసలకు తుప్పు వదిలించే నూనె పోసి, కొంతసేపు నాననిచ్చి, మీటను ఇటు అటు కొద్దికొద్దిగా కదుపుతూ రావాలి. లొంగకపోతే పరికరాన్ని గొట్టం నుంచి విప్పి మసిని గీకి శుభ్రపరచాలి. తిరిగి బిగించేటప్పుడు కొత్త గాస్కెట్టు వేయాలి. మామూలు గ్రీజు అక్కడ పనికిరాదు. ఆ వేడికి అది మాడి, తానే కొత్త బంకగా మారుతుంది. గ్రాఫైటు వంటి, వేడికి తాళే కందెననే వాడాలి. సిలిండరులో రబ్బరు ఉబ్బినా, స్ప్రింగు విరిగినా ఆ భాగాలను మార్చక తప్పదు.

పని ముగిసిన తరువాత పరీక్ష మరల మొదటి నుంచి జరగాలి. మీట పదిసార్లు వెళ్లి పదిసార్లు రావాలి. ఇంజను నడుస్తుండగా నొక్కినప్పుడు ధ్వని మారాలి, విడిచినప్పుడు యథాస్థితికి రావాలి. ఈ రకం పరీక్ష పాత నిర్మాణం గల బండ్లకు సరిపోతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన భారత్ స్టేజ్-6 ప్రమాణాల లారీలలో ఇంధనాన్ని, పొగను ఎలక్ట్రానిక్ వ్యవస్థ శాసిస్తుంది. అక్కడ హెచ్చరిక దీపాన్ని, కంప్యూటరు చూపే దోషసంకేతాన్ని కూడా చదవాలి. అయినా సంకేతం అనుమానానికి ఆధారమే గాని తుదితీర్పు కాదు. పలక వద్దకు వెళ్లి చూడడం అక్కడా తప్పదు.

చెప్పవలసిన మాట

పలక మూసుకొని బిగిసి, తగిన సామగ్రి లేని చోట బండి ఆగిందని అనుకొందాం. పలకను తెరిచిన స్థితికి తెచ్చి, తీగతో కట్టి, గాలి గొట్టం కొసను లీకు లేకుండా మూసివేసి పంపడం ఒక తాత్కాలికోపాయం. గొట్టం మూయకపోతే చక్రాల బ్రేకులకు కావలసిన గాలి కూడా వృథా అవుతుంది. ఇలా కట్టిన లారీ కదులుతుంది, మామిడి చెడిపోదు, డ్రైవరు సంతోషిస్తాడు. కాని ఈ ఉపాయం అరిచి చెప్పే దోషాన్ని మౌనంగా పొంచి ఉండే దోషంగా మార్చివేసింది. బండి నడుస్తున్నది కనుక బాగైందనే భ్రమ కలుగుతుంది.

కాబట్టి ఆ పని చేసినవాడు 'ఇది మరమ్మతు కాదు, కట్టు మాత్రమే. ఘాటుకు ముందే బాగుచేయించుకో' అని డ్రైవరుకు విడమరచి చెప్పాలి. దూరప్రయాణపు లారీలలో ఇద్దరు డ్రైవర్లు వంతులవారీగా నడుపుతారు. నూజివీడులో ఆ మాట విన్నవాడు కేశ్‌కాల్ దగ్గర నిద్రలో ఉండవచ్చు. స్టీరింగు ముందున్న రెండవ డ్రైవరు ఏమీ తెలియక మీట నొక్కి, అది పలకదని మలుపులో తెలుసుకొంటాడు. కాగితం మీద వ్రాసి స్విచ్చు పక్కన అంటించడం అతి చిన్న పని. ఆ చిన్న పని చేయకపోవడం వలన కలిగే నష్టానికి మాత్రం కొలత లేదు.

డ్రైవరుకు కూడా కర్తవ్యం ఉన్నది. రోజూ ఒకటి రెండుసార్లు అవసరం లేకపోయినా ఎగ్జాస్ట్ బ్రేకును వాడుతూ ఉంటే మసి పేరుకొనడానికి అవకాశం తగ్గుతుంది. రోజూ ట్యాంకులలోని నీటిని వదలాలి. ఘాటు మొదలుకాక ముందే, ఇంకా సమతలంపై ఉండగానే బ్రేకు పనిచేస్తున్నదో లేదో చూసుకోవాలి. దిగుడులో తక్కువ గేరు వేయాలి. న్యూట్రల్‌లో ఉంచినా, క్లచ్చి తొక్కి ఉంచినా చక్రాలకు ఇంజనుకు సంబంధం తెగిపోతుంది కనుక ఎగ్జాస్ట్ బ్రేక్ ఉండీ లేనట్లే. డీజిల్ ఆదా కోసం దిగుడులో న్యూట్రల్ వేయడం ప్రాణాన్ని పణంగా పెట్టి పైసలు మిగుల్చుకోవడం వంటిది. వానకు తడిసి జారే రోడ్డుపై మాత్రం వెనుక చక్రాలు జారే ప్రమాదం ఉన్నది కనుక దీనిని ఆచితూచి వాడాలి.

బండి ఆగినప్పుడు సరుకు యజమాని డ్రైవరును, డ్రైవరు మెకానిక్కును, మెకానిక్కు విడిభాగాన్ని తప్పుపట్టడం తరచుగా చూస్తాం. ఆ వాదాల వలన పలక ఒక్క అంగుళమైనా తిరగదు. దోషం ఎవరిది అనే ప్రశ్నను పక్కనబెట్టి, దోషం ఎక్కడ ఉన్నది అనే ప్రశ్న వేసుకొన్నప్పుడే పని మొదలవుతుంది. దోషం దొరికిన తరువాత దానిని దాచకుండా తరువాతివానికి చెప్పినప్పుడే పని పూర్తవుతుంది.